స్వరతంతువు క్యాన్సర్‌కు లేజర్ ఆపరేషన్: నా అనుభవం

నాకు క్యాన్సర్ వచ్చింది ఎడమ స్వరతంతువు (వోకల్ కార్డ్) మీద, మధ్య భాగంలో, అంచున. డాక్టర్ల లెక్కలో అది టి1ఎ. అంటే జబ్బు ఒక్క తంతువు దాటలేదు, తంతువు మామూలుగానే కదులుతోంది. మెడలో గడ్డలు కూడా లేవు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో నోట్లోంచే ఆపరేషన్ చేశారు. మెడ మీద కోత లేదు, కుట్లు లేవు, గొంతుకు రంధ్రం పెట్టలేదు. ఇదే దశలో జబ్బు బయటపడి, లేజరా, రేడియేషనా అని తేల్చుకోలేక తిరుగుతున్నవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ మెట్టు దగ్గర ఏం చేస్తారు, ఎక్కడ తేడా వస్తుంది, ఏం అడగాలి అన్నవే ఇందులో ఉంటాయి. అన్నిటికీ మూలం ఒక్కటే: కోత ఎంత లోతుకు వెళ్తుంది? జబ్బు పూర్తిగా పోతుందా, గొంతు ఎంత మిగులుతుంది, మానడానికి ఎంతకాలం పడుతుంది అన్నవన్నీ ఆ మిల్లీమీటర్లను బట్టే ఉంటాయి.

గొంతు క్యాన్సర్ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో చాలా రకాలున్నాయి. నాలుక వెనక భాగంలో, టాన్సిల్‌లో, అన్నవాహిక మొదట్లో వచ్చేవి వేరు. స్వరపేటికలో వచ్చేవి వేరు. స్వరపేటికలో కూడా తంతువులకు పైన, తంతువుల మీద, తంతువుల కింద అని మూడు అంతస్తులు. పై అంతస్తులో మొదలైన జబ్బు చాలాకాలం బయటపడదు. మింగేటప్పుడు ఏదో అడ్డుపడినట్టుండటం, చెవిలోకి లాగే నొప్పి, చివరికి మెడలో గడ్డ కనిపించేదాకా పోతుంది. తంతువు మీద వచ్చింది అలా కాదు. చిన్న మచ్చగా ఉన్నప్పుడే గొంతు బొంగురుపోతుంది. పైగా తంతువు అంచులో శోషరస నాళాలు చాలా తక్కువ కాబట్టి తొలిదశలో మెడ గ్రంథులకు పాకడం అరుదు. లేజర్‌తో ఒక్క విడతలో పని పూర్తయ్యే అవకాశం ముఖ్యంగా ఈ రకానికే ఉంది. పై అంతస్తు జబ్బుకూ కొన్ని సందర్భాల్లో లేజర్ చేస్తారు కానీ, అప్పుడు మెడ గ్రంథుల సంగతి కూడా చూడాల్సి వస్తుంది, మింగడంలో ఇబ్బందులు ఎక్కువ.

బొంగురు గొంతు మూడు వారాలు దాటితే స్వరపేటికను కళ్లతో చూసి తీరాలి. జలుబుతో వచ్చిన బొంగురు ఈలోపే తగ్గుతుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల పాలు, ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు యాంటీబయాటిక్‌లు, గ్యాస్ మాత్రలు అంటూ నెలలు గడిచిపోతుంటాయి. కరక్కాయ హాని చేయదు, హాని చేసేది ఆ గడిచిపోయే కాలం. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లయితే అసలు ఆగకూడదు. పొగకు మద్యం కూడా తోడైతే ముప్పు రెండింటినీ కూడినదానికంటే ఎక్కువవుతుంది.

చూడటం పెద్ద పనేమీ కాదు. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, గాజుగుడ్డతో నాలుక పట్టుకుని, 70 డిగ్రీల వంపు చూపు ఉన్న సన్నటి గొట్టం నోట్లో పెట్టి 'ఈ' అనమంటారు. డోకు ఎక్కువగా వచ్చేవాళ్లకు ముక్కులోంచి వంగే గొట్టం వేస్తారు. ముందు మత్తు స్ప్రే కొడతారు, కాసేపు గొంతు మందంగా ఉంటుంది, అది పోయేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. ఈ పరీక్షలో రెండు విషయాలు తేలాలి. తంతువు కదులుతోందా లేదా అన్నది మొదటిది. కదలిక మందగిస్తే టి2, పూర్తిగా ఆగిపోతే టి3. అప్పుడు చికిత్స దారే మారిపోతుంది. రెండోది స్ట్రోబోస్కోపీ. తంతువులు మగవారిలో సెకనుకు సుమారు నూరుసార్లు, ఆడవారిలో రెండు వందలసార్లు అదురుతాయి, కంటికి ఆనవు. వెలుగును తగిన వేగంతో మిణుకుమనిపిస్తే ఆ అదురు నిదానంగా, అలలాగా తెర మీద కనిపిస్తుంది. మచ్చ ఉన్నచోట కూడా అల సాగుతోందంటే జబ్బు పైపొరల్లోనే ఉందని ఆశించవచ్చు. అక్కడ చెక్కలా బిగుసుకుని ఉంటే లోతుకు దిగి ఉండవచ్చు. కచ్చితంగా తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ) అయినా, కోత లోతు గురించి మొదటి అంచనా ఇక్కడే దొరుకుతుంది. ఆ వీడియో కాపీ అడిగి తీసుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు పది కాగితాలకంటే ఆ అర నిమిషం వీడియోనే ఎక్కువ పనికొస్తుంది.

ఆ తర్వాత స్కానింగ్, ముక్క పరీక్ష. వీటి వరస ముఖ్యం. సీటీ స్కాన్ ముందు తీయించుకుని, ముక్క తర్వాత తీయాలి. ముక్క తీసినచోట వాపు వస్తుంది, అది స్కాన్‌లో జబ్బులాగే కనబడి దశను ఎక్కువ చేసి చూపించవచ్చు. సీటీ సన్నటి పొరలుగా, రంగుమందు ఎక్కించి తీయాలి. పైపైన ఉన్న టి1 జబ్బు స్కాన్‌లో కనబడకపోవచ్చు కూడా. అప్పుడు 'స్కాన్‌లో ఏమీ లేదు' అన్న రిపోర్టు చూసి జబ్బే లేదనుకోకూడదు. స్కాన్ తీసేది పక్కనున్న కొవ్వు పొరలోకి, థైరాయిడ్ మృదులాస్థిలోకి (కంఠమణి దగ్గరి మెత్తటి ఎముక) పాకలేదని నిర్ధారించుకోవడానికి. ముక్క పూర్తి మత్తులో, మైక్రోస్కోపు కింద తీస్తారు. మరీ పైపైన గిల్లితే రిపోర్టు తేలదు, అవసరానికి మించి లోతుగా తీస్తే తర్వాత గొంతు పాడవుతుంది.

రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్) అని వచ్చాక లేజరా, రేడియేషనా అన్న ప్రశ్న వస్తుంది. మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అనేది రేడియేషన్‌నే. టి1ఎకు రెండూ మంచి చికిత్సలే, రెండింటిలోనూ పదిమందిలో తొమ్మిదిమంది దాకా జబ్బు అదుపులోకి వస్తుంది. తేడా మిగతా విషయాల్లో ఉంది. రేడియేషన్ అంటే మామూలుగా 28 విడతల్లో 63 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), లేదా 33 విడతల్లో 66 గ్రేలు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలకు పైనే. దూరం ఊళ్లవాళ్లకు అది గది అద్దె, కూలి పోవడం, తోడుండే మనిషి అన్నీ కలిసిన భారం. లేజర్ మామూలుగా ఒక్క విడత, ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో. ఒకసారి పూర్తి మోతాదు రేడియేషన్ పెట్టినచోట మళ్లీ పెట్టడం దాదాపు కుదరదు. లేజర్ మళ్లీ చేయవచ్చు, అది చాలకపోతే రేడియేషన్ ఇంకా చేతిలో ఉంటుంది. వయసు తక్కువవాళ్లకు ఇది పెద్ద సంగతి. గొంతు నాణ్యత దగ్గర మాత్రం తూకం అటూ ఇటూ అవుతుంది. పైపొర కోతతో సరిపోతే లేజర్ తర్వాత గొంతు రేడియేషన్‌కు తీసిపోదు. కండలోకి దిగి కోయాల్సి వస్తే రేడియేషన్ తర్వాతి గొంతే మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. పాఠాలు చెప్పేవాళ్లు, పాడేవాళ్లు, హరికథలు చెప్పేవాళ్లు ఈ మాట సర్జన్‌ను సూటిగా అడగాలి: 'నాకు ఎంత లోతు కోస్తారని మీ అంచనా?' అలాగే సర్జన్ ఒక్కరి మాటతో కాకుండా రేడియేషన్ డాక్టరును కూడా కలిసి మాట్లాడాకే ఒప్పుకోండి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఈ డాక్టర్లంతా కూర్చుని ఒక్కో కేసూ చర్చించే ట్యూమర్ బోర్డు ఉంటుంది. అందులో మీ కేసు పెట్టమని అడగడం మీ హక్కు.

జబ్బు లేజర్‌కు తగినదే అయినా మనిషి గొంతు తగినది కాకపోవచ్చు. లేజర్ కిరణం తిన్నగా పోతుంది, వంపు తిరగదు. పైపళ్ల నుంచి తంతువుల దాకా తిన్నటి ఇనుప గొట్టం దిగితేనే సర్జన్‌కు పని కనిపిస్తుంది. నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకోవాలి, మెడ వెనక్కి వంగాలి. గుట్కా, జర్దా, వక్క నమిలే అలవాటున్నవాళ్లలో బుగ్గల లోపల పట్టీలు కట్టి నోరు బిగుసుకుపోతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటివాళ్లు తక్కువేమీ కాదు. ఎత్తుపళ్లు, చిన్న దవడ, పొట్టి లావు మెడ, మెడ ఎముకల అరుగుదల కూడా అడ్డమే. అన్నిటికంటే కష్టం రెండు తంతువులూ ముందువైపు కలిసే మూల. అది బాగా కనబడకుండా అక్కడి జబ్బు కోస్తే కొంత మిగిలిపోతుంది. ముక్క తీసినప్పుడే సర్జన్‌కు ఈ చూపు ఎంత అందిందో తెలుస్తుంది. 'ముందు మూల పూర్తిగా కనిపించిందా?' అని అప్పుడే అడగాలి. కనిపించలేదంటే రేడియేషన్ మేలు. ఆ జవాబు విని నిరాశపడనక్కర్లేదు, చూపు అందకుండా చేసిన లేజర్‌కంటే సరిగ్గా పెట్టిన రేడియేషన్ ఎన్నో రెట్లు నయం.

లేజర్ అంటే జబ్బును కాల్చి బూడిద చేయడమని చాలామంది అనుకుంటారు. క్యాన్సర్‌కు అలా చేయకూడదు. కాల్చేస్తే పరీక్షకు ముక్కే మిగలదు, అంచుల్లో జబ్బు ఉందో లేదో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ లేజర్ కత్తి పని చేస్తుంది. ఈ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశంలో బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. 1972 నాటికి బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే డాక్టర్లు దాన్ని మైక్రోస్కోపుకు బిగించి స్వరపేటిక ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్టైనర్ దాన్ని పెద్ద కణుతులకూ పనికొచ్చేలా తీర్చిదిద్దారు. దీని తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు, కంటికి కనిపించదు. గురి చూసుకోవడానికి ఎర్రటి చుక్క ఒకటి తోడుగా పడుతుంది. ఈ కిరణాన్ని నీరు వెంటనే పీల్చుకుంటుంది. మన కణజాలంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి శక్తి అంతా తగిలినచోటే ఖర్చైపోతుంది, పక్కకు వేడి పాకడం తక్కువ. అర మిల్లీమీటరు లోపు రక్తనాళాలు కోస్తున్నప్పుడే మూసుకుపోతాయి, అందుకే మైక్రోస్కోపు కింద రక్తం నిండకుండా శుభ్రంగా కనబడుతుంది. అంతకంటే పెద్ద నాళానికి క్లిప్పో, కరెంటు చిమటాయో కావాలి.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరును కలవాలి. బీపీ, షుగరు, గుండె మాత్రలు ఏవి వాడుతున్నారో చీటీ మీద కాకుండా మాత్రల అట్టలే పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరూ మత్తు డాక్టరూ కలిసి చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. కదిలే పన్ను ఉందంటే తప్పకుండా చెప్పండి. ఇనుప గొట్టం బరువు పైపళ్ల మీద పడుతుంది, రక్షణగా పళ్లకు తొడుగు వేసినా కదిలే పన్ను ఊడి శ్వాసనాళంలోకి జారే ప్రమాదం ఉంది. కట్టుడుపళ్లు తీసి ఇంట్లోవాళ్లకు ఇచ్చేయాలి. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం, పాలు, టీ మానేయాలి. మామూలు నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. ఇంకో పని, ఇది ఎవరూ చెప్పరు కానీ చాలా ఉపయోగం: ముందురోజు ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకోండి. పేపర్లోంచి ఒక పేరా చదివి, ఒక దీర్ఘమైన 'ఆ' ఊపిరి అయిపోయేదాకా అని, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టి. తర్వాత అదే పేరా, అదే దూరంతో నెలనెలా చేస్తే గొంతు నిజంగా మెరుగవుతోందో లేదో అనుమానం లేకుండా తెలుస్తుంది.

థియేటర్‌లో అసలు భయం నిప్పు. శ్వాసనాళంలో గొట్టం, అందులో ఆక్సిజన్, పక్కనే లేజర్ వేడి. మామూలు ప్లాస్టిక్ గొట్టానికి కిరణం తగిలితే అంటుకుంటుంది. అందుకే లేజర్‌కు ప్రత్యేకమైన గొట్టం వాడతారు. నేను థియేటర్‌లోకి వెళ్లేముందు మత్తు డాక్టరు దాన్ని చూపించి చెప్పారు. స్టీలు స్ప్రింగులా మెలికలు తిరిగిన సన్నటి గొట్టం, కింది చివర ఒకదాని పైన ఒకటి రెండు చిన్న బుడగలు. బుడగల్లో గాలికి బదులు ఉప్పునీరు నింపుతారు, పై బుడగలో ఆ నీటికి నీలం మందు కలుపుతారు. కిరణం పొరపాటున బుడగకు తగిలితే నీలం రంగు బయటికి చిమ్ముతుంది, సర్జన్‌కు వెంటనే తెలుస్తుంది. పైది పోయినా కిందిది గాలిని ఆపుతుంది. దాని పైన తడిపిన దూది బిళ్లలు పరుస్తారు, వాటికి దారాలు ఉంటాయి, లోపల ఒకటి మిగిలిపోకుండా లెక్కపెట్టి తీస్తారు. ఆక్సిజన్ 30 శాతానికి మించనివ్వరు, నైట్రస్ ఆక్సైడ్ వాడరు, అది కూడా నిప్పును రాజేస్తుంది. కళ్లు మూసి వాటి మీద తడి గాజుగుడ్డ, ముఖానికి తడి తువ్వాళ్లు. ఉప్పునీటి సిరంజి నిండుగా చేతికందేచోట ఉంటుంది. ఒకవేళ అంటుకుంటే లేజర్ ఆపడం, ఆక్సిజన్ ఆపడం, గొట్టం లాగేయడం, నీళ్లు పోయడం క్షణాల్లో జరగాలి. ఇలాంటి ప్రమాదం చాలా అరుదు, అరుదుగా ఉండటానికి కారణం ఈ జాగ్రత్తలే. లేజర్ యంత్రం ఉందా అన్నదానితో పాటు లేజర్ గొట్టం వాడతారా, నెలకు ఇలాంటివి ఎన్ని చేస్తారు అని అడిగితే తప్పు లేదు. అడగాలి.

కోత లోతును స్వరపేటిక డాక్టర్ల సంఘమైన యూరోపియన్ లారింగాలజికల్ సొసైటీ 2000లో రకాలుగా విడదీసింది. టైప్ 1 అంటే పైపొర మాత్రమే. టైప్ 2లో దాని కిందున్న స్నాయువు (లిగమెంట్) కూడా వస్తుంది, కండ మిగులుతుంది. టైప్ 3లో కండ కొంత పోతుంది. టైప్ 4లో తంతువు మొత్తం, మృదులాస్థి లోపలి పొర దాకా. టైప్ 5లో అవతలి తంతువులోకో, పైకో, కిందికో విస్తరిస్తుంది. ముందు మూల కోసం టైప్ 6ను 2007లో చేర్చారు. ఆపరేషన్ నోట్స్‌లో ఈ అంకె ఉండాలి. నా దాంట్లో టైప్ 2 అని రాశారు. తంతువు మగవారిలో రెండు సెంటీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. జబ్బుతో పాటు చుట్టూ తీసే ఆరోగ్యకరమైన అంచు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. నోటి క్యాన్సర్‌కు సెంటీమీటరు దాకా అంచు తీసే చేయి ఇక్కడ మిల్లీమీటర్లలో ఆలోచించాలి, ఎక్కువ తీసిన ప్రతి మిల్లీమీటరూ గొంతులోంచే పోతుంది.

చిన్న జబ్బును ఒకే ముక్కగా తీస్తారు. పెద్దదైతే స్టైనర్ పద్ధతిలో కణితిని మధ్యకు కోసి, అడుగు ఎంత లోతులో ఉందో మైక్రోస్కోపు కింద చూసుకుంటూ ముక్కలుగా తీస్తారు. కణితిని కోస్తే జబ్బు చెదిరిపోదా అని అడిగేవాళ్లున్నారు. లేజర్ కోసినచోట చిన్న నాళాలు మూసుకుపోతాయి, ఈ పద్ధతి దశాబ్దాలుగా నిలబడింది. తీసిన ముక్కను అలాగే సీసాలో పడేస్తే దాన్ని పరీక్షించే పెథాలజీ డాక్టరుకు ముందేదో వెనకేదో తెలియదు. ఒక బిళ్ల మీద పరిచి, ముందు, వెనక, పైన, కింద అని గుర్తులు పెట్టి, అంచులకు రంగు సిరాలు పూసి పంపాలి. ఇది అయిదు నిమిషాల పని, ఫలితం మాత్రం నెలల ఆందోళనను తప్పిస్తుంది. కొన్నిచోట్ల ఆపరేషన్ జరుగుతుండగానే అంచుల్ని గడ్డకట్టించి పరీక్షించి అప్పటికప్పుడు చెప్తారు.

మెలకువ వచ్చాక గొంతు నొప్పి అనుకున్నంత ఉండదు, మామూలు మాత్రలకు లొంగుతుంది. ఇబ్బంది పెట్టేది నాలుక. ఇనుప గొట్టం నాలుకను అదిమిపెట్టి ఉంచుతుంది కాబట్టి ఒక పక్క తిమ్మిరి, రుచి తెలియకపోవడం, నోట్లో ఇనుప రుచి ఉంటాయి. కొన్ని వారాల్లో తగ్గుతాయి, కొందరికి నెలలు పడుతుంది. దీని గురించి ముందే తెలియకపోతే నరం తెగిందేమోనని బెంగపడతారు. గొట్టాన్ని నిలబెట్టే కొయ్య ఛాతీ మీద ఆనుతుంది, అక్కడ కమిలినట్టు నొప్పి ఉండవచ్చు. కళ్లెలో నెత్తుటి చారలు ఒకటి రెండు రోజులు మామూలే. తాజా ఎర్రటి రక్తం నోటినిండా వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు కూత వినబడినా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రాత్రి ఆసుపత్రిలోనే ఉంచేది ఈ రెండింటి కోసమే.

నీళ్లు తాగేటప్పుడు పొలమారడం కొందరికి ఉంటుంది, కోత లోతుగా ఉంటే ఎక్కువ. పలుచటి ద్రవాలే ఎక్కువ ఇబ్బంది, చిక్కటివి తేలికగా దిగుతాయి. రాగి జావ, మెత్తటి పెరుగన్నం, పప్పన్నం మంచివి. నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా, గడ్డం ఛాతీ వైపు వంచి మింగాలి. తల పైకెత్తి చెంబుతో గొంతులో పోసుకునే మన అలవాటు మొదటి వారాల్లో పూర్తిగా మానాలి. పొలమారడంతో పాటు జ్వరం, కఫం మొదలైతే ఊపిరితిత్తుల్లోకి పోతోందని అర్థం, డాక్టరుకు చూపించాలి. పచ్చళ్లు, కారం మానాల్సింది పుండుకు తగులుతాయని కాదు, ఆమ్లం పైకి ఎగదన్నుతుందని. ఆ ఆమ్లం మానుతున్న తంతువు మీద పడితే ఎర్రటి కండ పెరుగుతుంది. అందుకే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కొన్ని వారాలు రాస్తారు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం, తలవైపు మంచం కొద్దిగా ఎత్తుగా పెట్టుకోవడం మాత్రకు తోడుగా పని చేస్తాయి.

మౌనం ఎన్ని రోజులన్నది డాక్టరును బట్టి మారుతుంది. కొందరు మూడు రోజులంటారు, కొందరు వారం. ఎన్ని రోజులైనా దాని పద్ధతి ఒకటే. గుసగుసగా మాట్లాడితే ఫరవాలేదని అందరూ అనుకుంటారు. గుసగుసలో చాలామందికి స్వరపేటిక బిగుసుకుంటుంది, మెత్తగా మాట్లాడటంకంటే అదే ఎక్కువ శ్రమ. మాట్లాడకూడని రోజుల్లో అసలు మాట్లాడకూడదు, ఫోన్‌లో టైపు చేసి చూపించడమే. గొంతు సవరించుకోవడం అంతకంటే చెడ్డది. సవరించిన ప్రతిసారీ తంతువులు ఒకదానికొకటి ఢీకొంటాయి. ఏదో అడ్డుపడ్డట్టు అనిపించినప్పుడు ఒక గుటక నీళ్లు మింగాలి, నీళ్లు లేకపోతే ఉమ్మి మింగాలి. కోసినచోట కుట్లు వేయరు, తెల్లటి పొర కట్టి అదే మానుతుంది. ఆ పొరను తొలి చెకప్‌లో తెర మీద చూసి జబ్బు మళ్లీ వచ్చిందనుకోవద్దు. పైపొర మూసుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గొంతు ఒక స్థాయికి వచ్చి నిలవడానికి మూడు నుంచి ఆరు నెలలు. ఈ కాలమంతా మామూలు నీటి ఆవిరి రోజుకు రెండు మూడుసార్లు చాలు. జండూబామ్, పసుపు, యూకలిప్టస్ కలపకూడదు, అవి తంతువును ఎండబెడతాయి, మండిస్తాయి. వంటింటి పొగ, అగరొత్తులు, ఏసీ గాలికి ఎదురుగా పడుకోవడం కూడా అంతే.

వారం అటూ ఇటూగా ముక్క రిపోర్టు వస్తుంది. అందులో చూడాల్సింది అంచుల గురించి రాసిన వాక్యం. 'అంచుల్లో జబ్బు లేదు' అని ఉంటే సంతోషమే. 'అంచుకు దగ్గరగా ఉంది' అన్న మాట చూసి కుంగిపోవద్దు. తీసిన ముక్క పాడవకుండా నిల్వ ఉంచే ఫార్మలిన్‌లో కుంచించుకుపోతుంది, లేజర్ తగిలిన అంచు వేడికి మాడి కణాలు ఆనవాలు పట్టకుండా పోతాయి. కాబట్టి ఒక మిల్లీమీటరు మంచి అంచు తీసినా రిపోర్టులో తక్కువ కనిపించవచ్చు. అప్పుడు సర్జన్, పెథాలజీ డాక్టరు కలిసి స్లైడు చూసి తేలుస్తారు: దగ్గరగా గమనించడమా, కొన్ని వారాల తర్వాత మళ్లీ మత్తులో చూసి అక్కడి అంచు తీయడమా అని. లోతు అంచులో జబ్బు స్పష్టంగా ఉందంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. మళ్లీ లేజర్ లేదా రేడియేషన్, ఏదో ఒకటి జరగాలి.

మానాక గొంతు తనంతట తానే వస్తుందని ఊరుకుంటే ఒక చెడ్డ అలవాటు పడుతుంది. కోసిన తంతువు పలచబడి రెండింటి మధ్య సందు మిగులుతుంది, గాలి లీకవుతుంది. దాన్ని మూయడానికి పైనున్న దొంగ తంతువుల్ని (మామూలుగా మాటకు వాడని మడతలు) నొక్కి మాట్లాడటం మొదలవుతుంది. ఆ గొంతు బండగా, నొక్కినట్టు ఉంటుంది, మెడ కండరాలు సాయంత్రానికి నొప్పి పుడతాయి. దీన్ని మాన్పించేది స్పీచ్ థెరపిస్టు. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి 'ఊ' అంటూ బుడగలు వచ్చేలా ఊదడం, పెదవులు మూసి 'మ్' అని ముక్కు దగ్గర అదురు తెలిసేలా పలకడం, ఒక్కో ఊపిరికి ఎన్ని మాటలు పడతాయో చూసుకుని వాక్యాన్ని విరవడం. చూడటానికి చిన్న పనులు, కానీ రోజుకు నాలుగైదుసార్లు ఐదేసి నిమిషాలు చేస్తే నెలలో రికార్డింగ్‌లో తేడా వినబడుతుంది. క్లాసురూములో, దుకాణంలో పని ఉన్నవాళ్లు నడుముకు కట్టుకునే చిన్న మైకు కొనుక్కోవాలి. అరిచి మాట్లాడటం మానేయాలి. ఆరు నెలలు దాటినా సందు పెద్దగా ఉంటే, జబ్బు తిరగబెట్టలేదని రూఢి అయ్యాక, తంతువులోకి కొవ్వు ఎక్కించడమో, పక్కనుంచి చిన్న దిమ్మె పెట్టి లోపలికి నెట్టడమో చేయవచ్చు.

ఖర్చు విషయంలో: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర ముందే అడగాలి, అనుమతి వచ్చాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవాలి. లేజర్ యంత్రం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, ఉన్నచోటా అన్ని ప్యాకేజీల్లోకి రాకపోవచ్చు. ప్రైవేటు బీమా అయితే 'లేజర్' అన్న మాట చూసి సందేహాలు లేవదీస్తారు. క్యాన్సర్‌కు చేసే ఎండోస్కోపిక్ లేజర్ కార్డెక్టమీ (తంతువు కోత) అని సర్జన్ చేత స్పష్టంగా రాయించుకోండి.

చెకప్‌లు మొదటి ఏడాది నెల నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకు, ఐదో ఏడాది దాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి. ప్రతిసారీ గొట్టంతో చూడాలి, గొంతు విని పంపేస్తే చాలదు. కోసినచోట ఎర్రటి కండ పెరిగితే అది చాలావరకు గ్యాస్ మాత్రతో తగ్గే మామూలు కండే. తగ్గకపోతే, పెరుగుతుంటే ముక్క తీయాలి. ముందు మూల దగ్గర రెండు తంతువుల్నీ కోస్తే అవి అతుక్కుని పొరలా కట్టవచ్చు, దాన్ని మళ్లీ విడదీయాల్సి వస్తుంది. బాగైన గొంతు మళ్లీ రెండు మూడు వారాలు బొంగురుపోతే చెకప్ తేదీ దాకా ఆగకూడదు. పొగ మానని వాళ్లలో జబ్బు తిరగబెట్టడమే కాదు, ఊపిరితిత్తుల్లో, నోట్లో కొత్త క్యాన్సర్ వచ్చే ముప్పూ ఎక్కువ. అందుకే మానడానికి మాత్రలు, నికోటిన్ గమ్ కావాలంటే ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే అడిగి మొదలుపెట్టడం మంచిది. ఆపరేషన్ నోట్స్, ముక్క రిపోర్టు, స్లైడ్లు, ముందూ తర్వాతి వీడియోలు ఒకే సంచిలో పెట్టుకుని ప్రతి చెకప్‌కూ తీసుకెళ్లండి. కొత్త డాక్టరు కూర్చున్నా పాత వీడియో పక్కన పెట్టి చూస్తేనే మచ్చ పాతదో కొత్తదో చెప్పగలరు.